నాలుగో గణం

సంఘపెద్ద దావీదు మంచి కబురైతే నడుస్తూనే చెప్పేస్తాడు. చెడ్డ కబురైతే చర్చి అరుగెక్కి, కండువా సర్దుకొని, గొంతు సవరించుకొని మరీ చెప్తాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన అరుగెక్కడం చూసి, ఆడవాళ్ల వరసలో చివరన నిలబడ్డ కృపావతి ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న నంద్యాలకు పోయింటి. కోత పండుగ పాటల సంగతి కనుక్కుందామని. మన కృపావతి రాసిచ్చిన చెన్నమ్మ పాట తీసుకోలేదప్పా."

ఏటా కోతలయ్యాక చుట్టుపక్కల పల్లెల సంఘాలన్నీ నంద్యాలలో చేరి కోత పండుగ చేసుకుంటాయి. ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలోంచి దోసెడో చేటెడో గింజలు తెచ్చి ఆరాధన బల్ల ముందున్న పెద్ద గంపలో పోస్తారు. ఆ పండుగకు పల్లెలవాళ్లు కొత్త పాటలు పంపుకోవచ్చు. మంచివి కమిటీ ఏరుతుంది. ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లె నుంచి ఇంతవరకు ఒక్క పాటా పోలేదు. ఈ ఏడు, అంటే డెబ్బై ఎనిమిదిలో, మొదటిసారి పోయింది. పంపింది కృపావతి.

ఆళ్లగడ్డ హైస్కూల్లో పదో తరగతి చదివే పిల్ల. హాజరు పిలిస్తే పక్కపిల్ల పలకాలి, అంత సిగ్గు. అలాంటిది ఎవరికీ చెప్పకుండా, వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, చెన్నమ్మ కలుపు తీసేటప్పుడు పాడే పాటను శుభ్రంగా రాసి దావీదు చేతిలో పెట్టింది. తనంతట తానుగా ఆ పిల్ల చేసిన మొదటి పని అదే.

"కమిటీలో సంజీవయ్య అయ్యవారని తెలుగు పండితుడు ఉండాడు. ఆయన మాట చెప్తాండా, నా మాట కాదు," అన్నాడు దావీదు. "ప్రతి పాదంలో ఒక గణం తక్కువంట. పైగా అన్నదే మళ్లా అంటాండారు, అది పునరుక్తి దోషమంట. దిద్దుకొని తెస్తే వచ్చే శనివారం చూస్తామన్నాడు."

"పునరుక్తంటే ఏందన్నా?" అని ఎవరో అడిగారు.

"చెప్పిందే చెప్పడం."

"అట్లయితే వారం వారం నువ్వు గోడకు సున్నం కొట్టల్ల అంటావే, అదన్న మాట."

అందరూ నవ్వారు. చెన్నమ్మ నవ్వలేదు. అప్పటిదాకా తన పాట నంద్యాలకు పోయిందనే ఆమెకు తెలియదు. ఇంటికి పోయాక గడప దగ్గర ఆగి, "ఎవరు పంపమన్నారే నిన్ను?" అని, జవాబు కోసం చూడకుండా లోపలికి పోయింది.

మరుసటిరోజు నుంచి దసరా సెలవులు కాబట్టి కృపావతి కూడా అమ్మతో, జేజితో ఊరి రెడ్డి మిరప చేనికి కలుపుకు పోయింది. వానలకు నల్లరేగడి మెత్తబడి ఉంది. తుంగ మోకాలెత్తు లేచింది. ఆడవాళ్లు సాళ్లలో వరసగా కూర్చున్నారు. ఎప్పుడూ జేజి మధ్యలో కూర్చొని పాట ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు అందుకుంటారు. పాటతోపాటు వరస అంతా ఒకేసారి ముందుకు జరుగుతుంది.

ఆ పొద్దు జేజి నోరు తెరవలేదు.

"ఏం చెన్నక్కా, నోట్లో తుంగగడ్డ పెట్టుకుంటివా?" అని తిరుపాలమ్మ అడిగింది. ఆమె చర్చికి రాదు. ఆమె సామి వేరు. కానీ పాటలో సామి అన్నచోట అందరికంటే ఆమె గొంతే ఎక్కువ వినిపిస్తుంది.

"తప్పు పాటంట. తప్పు పాట పదిమంది ముందర ఎందుకు పాడేది?"

"ఎవరన్న్యారు తప్పని?"

"చదువుకున్నోళ్లు."

అంతే. పాట లేకుండానే చేతులు సాగాయి. మధ్యాహ్నానికి వరస చెదిరిపోయింది. వయసుపిల్లలు ముందుకు పోయారు, ముసలోళ్లు వెనకబడ్డారు. జేజి అందరికంటే వెనక, ఒంటరిగా, తల ఎత్తకుండా పీకుతూ ఉంది. ఆ పాటను జేజి నోట్లోంచి లాగేసింది నంద్యాల అయ్యవారు కాదు, తనే. లాగినదాన్ని మళ్లీ అక్కడే పెట్టాలి. శనివారం లోపల పెట్టాలి.

సాయంత్రం పలక తీసుకొని కూర్చుంది. బళ్లో నేర్చుకున్నది గుర్తు చేసుకుంది. దీర్ఘం గురువు, దానికి రెండు మాత్రలు. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. జోడక్షరం ముందుంటే పొట్టి అక్షరమైనా గురువే. పాటను పలక మీద రాసి ఒక్కొక్క అక్షరం కింద గుర్తు పెట్టింది.

చేనూ నాదే సామీ
వానా నీదే సామీ
కలుపూ నాదే సామీ
చలువా నీదే సామీ
తప్పూ నాదే సామీ
ఒప్పూ నీదే సామీ
చేయీ నాదే సామీ
ఫలమూ నీదే సామీ

ప్రతి మాటకూ నాలుగు మాత్రలు, అంటే మాటకొక గణం. చేనూ నాలుగు, కలుపూ నాలుగు, తప్పూ కూడా నాలుగే. ఎక్కడా తప్పలేదు. కానీ పాదానికి మూడే మాటలు. ఇలాంటి నడకలో నాలుగోది కూడా ఉండాలి. అయ్యవారు అన్నది నిజమే.

అయితే కలపడమెంతసేపు? "చేనూ నాదే సామీ దేవా" అని రాసింది. నాలుగు నాలుగులు. పలక మీద చూస్తే కుదురుగా ఉంది. నంద్యాలకు పంపినదాంట్లో ప్రతి పాదమూ రెండుసార్లు ఉండేది, ఆ రెండోసారిని కూడా తీసేసింది. దోషాలు రెండూ పోయాయి.

మంగళవారం చేలో సిగ్గు చంపుకొని తిరుపాలమ్మ పక్కన చేరి కొత్త పాట చెప్పింది. తిరుపాలమ్మ గొంతు పెంచి అందుకుంది. నాలుగు సార్లు తుంగ పీకేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. ఐదోసారి చేతిలో తుంగ చేతిలోనే ఉండిపోయింది.

"ఏమే పాపా, మన్ను దులపనిస్తావా, ల్యాకుంటే దేవా దేవా అంటానే ఉండల్లనా?"

"దులుపు అత్తా. నేనేమన్నా వద్దన్న్యానా?"

"యాడ దులపల్ల? సందేది?"

వరసంతా పగలబడి నవ్వింది. కృపావతి చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకొని తన చేతిలోని తుంగను చూసింది. వేళ్ల నిండా బంక మన్ను. దులపకుండా పారేస్తే రెండు రోజుల్లో పడినచోటే మళ్లీ నాటుకుంటుంది. అది పల్లెలో నడక వచ్చిన పిల్లకు కూడా తెలుసు.

ఆమె నవ్వులు వినడం మానేసింది. పాత పాటను పెదవులు కదపకుండా లోపలే అనుకుంటూ ఒక తుంగను పట్టింది. చేనూ, పట్టు. నాదే, పీకు. సామీ, ఎత్తు. ఆ తర్వాత మాట లేదు. మాట లేనిచోట మణికట్టు దానంతటదే విదిలించింది. మన్ను జల్లున రాలింది. అప్పుడు మళ్లీ చేనూ.

ఇంకొకటి పీకింది. ఇంకొకటి. ప్రతిసారీ అక్కడే రాలింది.

నాలుగో గణం తక్కువ కాదు. అది ఉంది. అందులో మాట లేదు, అంతే.

ఆమెకు అక్కడికక్కడే లేచి గంతులెయ్యాలనిపించింది. వెయ్యలేదు. పొద్దు దిగేదాకా కలుపు తీసింది. దిద్దడం మానేసింది. దిద్దకుండానే శనివారం నంద్యాలకు పోవాలని, పోయి చెప్పాలని అనుకుంది. అక్కడ పదిమంది ముందర నోరు తెరవాలి. అయినా అనుకున్నది అనుకున్నదే.

ఇక రెండో తప్పు మిగిలింది. బుధవారం పొయ్యి దగ్గర జేజి పక్కన చేరి అడిగింది.

"జేజీ, ఒక్కొక్కటీ రెండుసార్లు ఎందుకంటావు?"

"ఇంక ఆ పాట నా ముందర ఎత్తద్దు."

"ఈసారికి చెప్పు. మళ్లా అడగను."

జేజి కట్టె ఎగదోసింది. "రెండుసార్లు నేనెందుకంటా? నేనొకసారే అంటా. వాళ్లొకసారి అంటారు. సాలు చివరున్నోళ్లకు నా మాట వినపడొద్దా? కొత్తగా వచ్చినోళ్లు నేర్సుకోవద్దా?" గొంతు తగ్గించి అంది. "వాళ్లు అనేలోపల నాకు ముందరి మాట దొరుకుతాది. లేకుంటే యాడ్నుంచి తెచ్చేది అన్ని మాటలు?"

"చేను రెడ్డిది కదా, నాదే అంటావే?"

"కలుపు తీసేటప్పుడు నాదే. కోసేటప్పుడు ఆయనది. పో, పోయి నీళ్లు తే."

నీళ్లకు పోతూ కృపావతి ఆ పాటనే నమిలింది. అప్పుడు దొరికింది మూడో సంగతి, అయ్యవారు చెప్పనిది. చేనూ అన్నాక వానా. కలుపూ అన్నాక చలువా. తప్పూ అన్నాక ఒప్పూ. జంట జంటకూ రెండో అక్షరం కలుస్తోంది. అది ప్రాస. అంతేకాదు, చేనులో ముందక్షరం దీర్ఘమైతే వానలోనూ దీర్ఘమే. కలుపులో పొట్టిదైతే చలువలోనూ పొట్టిదే. ఇది బళ్లో కూడా ఆమెకు రెండుసార్లు చెప్తే గానీ తలకెక్కని సూత్రం. నాలుగో జంట మాత్రం కలవలేదు. చేయీ, ఫలమూ. ఎంత తిప్పినా కలవలేదు. దాన్ని దాచిపెడదామా అనిపించింది. దాచకూడదని బిందె ఎత్తుకుంది.

శనివారం నాయన యేసురత్నంతో కలిసి ఆళ్లగడ్డలో ఎర్రబస్సు ఎక్కింది. నాయన పొలం పని తప్ప వేరే మాట ఎక్కువ ఎరగడు. శిరివెళ్ల దాటాక ఒక్క మాట అడిగాడు. "పాపా, ఆడ నువ్వు మాట్లాడగలవా?"

"తెలీదు నాయనా."

"తెలీకపోయినా పోతాండామా?"

"పోతాండాం."

నాయన తల ఊపి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

నంద్యాలలో కమిటీ ఒక పొడుగు వరండాలో కూర్చుని ఉంది. ఒక పక్క ఆదివారం బడి పిల్లల నల్లబల్ల. ఇంకో పక్క, మెట్ల కింద, మరుసటి రోజు ఆరాధన తర్వాతి భోజనాలకు ఆడవాళ్లు చేటలతో బియ్యం చెరుగుతున్నారు. సంజీవయ్య అయ్యవారు బక్కపలచటి మనిషి. కళ్లద్దాలు ముక్కు చివరన ఉన్నాయి. మనిషిని చూస్తే భయం వేయదు. చూపుకు వేస్తుంది.

"ఏమ్మా, కలుపు పాట నువ్వేనా? దిద్దినావా?"

కృపావతి తల అడ్డంగా ఊపింది.

"దిద్దలేదా? మరి ఎందుకొచ్చినట్టు?"

నాయన ఏదో చెప్పబోయాడు. అప్పుడు ఆమె నల్లబల్ల వైపు నడిచింది. మాట రాకపోతే చెయ్యి వస్తుంది కదా అనుకుంది. సుద్దముక్క తీసుకొని మొదటి పాదం రాసింది. గురువుల కింద గుర్తులు పెట్టింది. గణానికి గణానికి మధ్య నిలువుగీతలు గీసింది. చివర ఒక ఖాళీ గడి గీసి వదిలేసింది.

"నాలుగోది ఇది సార్," అంది. ఆ గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

"గట్టిగా చెప్పు."

"నాలుగోది ఇదే సార్. ఈడ మన్ను దులుపుతారు."

ఒక మాట బయటపడ్డాక మిగతావి దాని కొంగు పట్టుకొని వచ్చాయి. పట్టడం, పీకడం, ఎత్తడం, దులపడం చెప్పింది. తను దేవా అని కలిపితే ఏమైందో, వరసంతా ఎట్లా నవ్విందో కూడా చెప్పింది. ఒకరు అనడం, పదిమంది తిరిగి అనడం గురించి చెప్పింది. జంటల్లో ప్రాస చూపించింది. అయ్యవారు మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"యతి సంగతి?"

"పాదం చిన్నది సార్. ఇంత చిన్నదానికి అక్కర్లేదనుకున్న్యా."

"అక్కర్లేదు. సరే. నాలుగో జంటలో ప్రాస ఏది?"

"లేదు సార్."

"ఎందుకు లేదు?"

"ఫలము అనే మాట మా జేజిది కాదు సార్. ప్రసంగంలో విన్నది."

వరండాలో ఉన్నవాళ్లు నవ్వారు. అయ్యవారు కూడా నవ్వాడు. కానీ వెంటనే ముఖం మామూలు చేసుకున్నాడు.

"నువ్వు చెప్పింది బాగుంది పాపా. ఖాళీ కూడా కాలమే, ఒప్పుకుంటా. కానీ ఒకటి చెప్పు. కోత పండుగనాడు జనం చేతిలో తుంగ ఉండదు. మన్ను ఉండదు. వట్టి చేతులతో నిలబడతారు. నీ ఖాళీ గడి దగ్గరికి వచ్చేసరికి వాళ్లేం చేస్తారు? నోరు తెరుచుకొని చూస్తారా?"

ఈ ప్రశ్న ఆమె అనుకోలేదు. వారమంతా పాట గురించే ఆలోచించింది గానీ, పాడే జనాన్ని చేలోంచి బయటికి తెచ్చి చూడలేదు. ఆయన మాటలో ఎకసెక్కం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"పాడి చూపించు," అన్నాడు. "చూద్దాం."

నాయన గోడ వైపు తిరిగాడు. కూతురి కష్టం చూడలేక కాబోలు. కృపావతి సుద్దముక్కను పిడికిట్లో బిగించి ఎత్తుకుంది.

"చేనూ నాదే సామీ..."

ఎవరూ అందుకోలేదు. మూడు మాటల తర్వాత ఖాళీ పెద్ద గుంటలా నోరు తెరుచుకుంది. అయ్యవారు అన్నట్టే అయింది. అయినా రెండో పాదమూ ఒంటరిగానే అంది. "వానా నీదే సామీ..."

ఈసారి గుంటలో ఏదో పడింది. చర్రుమని.

మెట్ల కింద చేట ఎగరేసిన చప్పుడు. హన్నమ్మ అనే పెద్దామె బియ్యం చెరుగుతూ చెవి ఇటు వేసింది. ఆమె చేట ఎగిరి దిగడం సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చింది. "కలుపూ నాదే సామీ" అనేసరికి హన్నమ్మ గొంతు తిరిగి అంది, చేట చర్రుమంది. తప్పూ ఒప్పూల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆడవాళ్లంతా అందుకున్నారు. ఎవరికీ ఆ పాట ముందు తెలియదు. చేటలన్నీ ఒకేసారి దిగుతున్నాయి.

కృపావతి పాడడం ఆపేసింది. మెట్ల కింద గింజలు చేటల్లో సర్దుకుంటున్నాయి. ఆమె వాటినే చూస్తోంది.

"సార్, కోత పండుగకు వట్టి చేతులతో ఎవరు వస్తారు సార్?" అంది. "అందరూ గింజలు తెస్తారు కదా. వరసలో వచ్చి గంపలో పోస్తారు కదా. ఈడ పోస్తారు సార్. ఈ గడిలో."

అయ్యవారు నల్లబల్ల మీది ఖాళీ గడి వైపు చూశాడు. గింజలు పోసే వరస ఎంత పొడుగుంటుందో ఆయనకు తెలుసు. ఏటా ఆ వరసలో నిలబడేవాళ్లు పుస్తకంలో పాట చదవలేక మూగగా జరుగుతుంటారు. అదీ తెలుసు.

"రెండుసార్లు అనేది ఉండాల్సిందే అయితే," అన్నాడు నెమ్మదిగా. "వరస అంత పొడుగుకు ఒకసారి అంటే చాలదు." తర్వాత లేచి, నల్లబల్ల దగ్గరికి వచ్చి సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. "నాలుగో జంటకు నేనొక మాట ఇస్తా. మీ జేజి ఇష్టపడితేనే. ఫలము తీసేసి, సాయం. చేయీ నాదే సామీ, సాయం నీదే సామీ. ప్రాస కుదిరింది, మాత్రలు కుదిరాయి. ఆమెను అడిగి దావీదుతో కబురు పంపు. ఆ మాట ఉన్నా లేకున్నా పాట ఉంటుంది."

ఇంటికి వచ్చాక జేజికి అంతా చెప్పింది. గింజలు పోసేటప్పుడు పాడతారని చెప్పింది. జేజి వినీ విననట్టు రాగిసంకటి కెలుకుతూ, "వాళ్లు ఒప్పుకున్న్యారని నా గొంతు పరిగెత్తుకొని వస్తాదా? కూసో, తిను," అంది. సాయం అనే మాట గురించి ఉలకలేదు, పలకలేదు.

సోమవారం చేలో వరస కూర్చుంది. జేజి మధ్యలో కూర్చోలేదు. చివరి సాలు పట్టింది. తిరుపాలమ్మ కృపావతి వైపు చూసి కళ్లెగరేసింది. ఎవరూ ఎత్తుకోలేదు. కాసేపటికే ముందున్నవాళ్లు ముందుకు పోవడం మొదలుపెట్టారు.

కృపావతి లేచి వచ్చి మధ్య సాలులో, జేజి ఎప్పుడూ కూర్చునేచోట కూర్చుంది. తుంగను పట్టింది.

"చేనూ నాదే సామీ."

మన్ను రాలింది. ఒక్క ఊపిరి ఆలస్యంగా వరస తిరిగి అంది. ముందుకు పోయినవాళ్లు ఆగారు. వానా, కలుపూ, చలువా దాటాయి. తప్పూ ఒప్పూ దాటాయి. చేతులన్నీ ఒక్కటయ్యాయి.

"చేయీ నాదే సామీ," అంది కృపావతి. వరస తిరిగి అంది. ఆ తర్వాతి మాట ఆమె అనలేదు. నోరు మూసుకొని తుంగ పట్టుకొని ఆగింది. అందరూ ఆగారు. ఎక్కడా మన్ను రాలిన చప్పుడు లేదు.

చివరి సాలులోంచి, వారం రోజులు వాడక బొంగురుపోయిన గొంతు లేచింది.

"సాయం నీదే సామీ."

వరస పొడుగునా ఒకేసారి మన్ను జల్లున రాలింది.

"ఎవురిదమ్మే ఈ కొత్త మాట?" అని తిరుపాలమ్మ అరిచింది.

"నంద్యాల అయ్యవారిదంట," అంది జేజి, ఇంకో తుంగను పీకుతూ. "బాగనే ఉండాది. ఉండనీ. నువ్వు బేగా దులుపు, వరస పోతాండాది."